ప్యాకెట్ పాలలో కోలిఫాం కనిపిస్తే: పేరు తేల్చడం ఎలా, ఆ పేరు దేనికి పనికొస్తుంది

మీరు పల్లె సేకరణ కేంద్రాల్లో పచ్చి పాలు, కిరాణా కొట్లలో పాశ్చరైజ్డ్ ప్యాకెట్లు తీసుకుని వి.ఆర్.బి.ఏ. (వయొలెట్ రెడ్ బైల్ అగార్, కోలిఫాం బ్యాక్టీరియా ఎర్ర కాలనీలుగా కనిపించే మీడియా) ప్లేట్లు పోశారు. రెండింట్లోనూ ఎర్ర కాలనీలు వచ్చాయి. ఇమ్విక్ (ఇండోల్, మిథైల్ రెడ్, వి.పి. అంటే వోజెస్ ప్రాస్కావర్, సిట్రేట్ అనే నాలుగు పరీక్షలు, ఫలితాలు అదే వరసలో) చేస్తే పచ్చి పాల కాలనీలు ఎక్కువగా ప్లస్ ప్లస్ మైనస్ మైనస్, ప్యాకెట్లవి దాదాపు అన్నీ మైనస్ మైనస్ ప్లస్ ప్లస్, ఒకటి రెండు మైనస్ ప్లస్ మైనస్ ప్లస్ అని తేలాయి. ప్యాకెట్లలోది ఎంటరోబాక్టర్ ఏరోజెనెస్ అని రిపోర్టులో రాయొచ్చా, పాశ్చరైజేషన్ సరిగా జరగలేదని అనొచ్చా, ఖరీదైన కిట్ కొనకుండా పేరు తేల్చే దారి ఉందా అన్నవి మీ ప్రశ్నలు.

మొదటి రెండూ రాయకండి. మూడోదానికి దారి ఉంది. డెయిరీ ల్యాబుల్లో చాలాకాలం ఈ ట్యూబులతోనే గడిపాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

రెండో ప్రశ్న ముందు తేల్చుకుందాం, ఎందుకంటే రిపోర్టులో తప్పుగా పడితే వైవాలో దాని మీదే పట్టుకుంటారు. పాశ్చరైజేషన్ అంటే 63 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు, లేదా 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు. ఈ వేడికి మామూలు కోలిఫాంలు బతకవు. వాటికి స్పోర్లు, అంటే వేడిని తట్టుకునే గట్టి రూపాలు, ఉండవు. వేడిని బాగా తట్టుకునే ఈ.కోలి రకాలు అరుదుగా ఉన్న మాట నిజమే కానీ, ప్యాకెట్లో కోలిఫాం కనిపించగానే నేరం వాటి మీదికి నెట్టడం బద్ధకం. దాదాపు ఎప్పుడూ అవి పాలు వేడెక్కి చల్లారాక చేరినవే. పాశ్చరైజేషన్ జరిగిందా లేదా అనే ప్రశ్నకు జవాబిచ్చేది ఫాస్ఫటేజ్ పరీక్ష. ఫాస్ఫటేజ్ పచ్చి పాలలో ఉండే ఎంజైమ్, పాశ్చరైజేషన్ వేడికి చెడిపోతుంది. పారా నైట్రోఫినైల్ ఫాస్ఫేట్ బఫర్ 5 మి.లీ.లో 1 మి.లీ. పాలు పోసి 37 డిగ్రీల దగ్గర 2 గంటలు ఉంచండి. పసుపు తిరగకపోతే పాలకు వేడి సరిగానే తగిలింది. మీరు ఇది చేయలేదు. మిగిలిన ప్యాకెట్లకైనా చేయండి.

దానికీ ఒక హద్దుంది. పచ్చి పాలలో మి.లీ.కి లక్ష కోలిఫాంలు ఉన్నాయనుకోండి. ప్లేట్ హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో (పలుచని లోహపు పలకల మీదుగా పాలను వేడిచేసి చల్లార్చే యంత్రం) సన్నని బొక్క పడి, 10,000 లీటర్ల పాశ్చరైజ్డ్ పాలకు ఒక్క లీటరు పచ్చి పాలు కారితే చాలు, మి.లీ.కి 10 కోలిఫాంలు చేరిపోతాయి. అంత తక్కువ కల్తీని ఫాస్ఫటేజ్ పరీక్ష పట్టలేదు. అందుకే రీజెనరేషన్ సెక్షన్‌లో, అంటే వేడి పాశ్చరైజ్డ్ పాలతో చల్లని పచ్చి పాలను వేడిచేసే భాగంలో, పాశ్చరైజ్డ్ పాల వైపు ఒత్తిడి ఎప్పుడూ పచ్చి పాల వైపు కన్నా ఎక్కువ ఉండాలంటారు. అప్పుడు బొక్క పడినా పాలు ఇటునుంచి అటే కారతాయి తప్ప అటునుంచి ఇటు రావు.

ఇక పేర్లు తేల్చే పని. కోలిఫాం అనేది ఒక్క బ్యాక్టీరియా పేరు కాదు. పాలలోని చక్కెర అయిన లాక్టోజ్‌ను పులియబెట్టి 48 గంటల్లోపు ఆమ్లం, గ్యాస్ పుట్టించే, స్పోర్లు లేని గ్రామ్ నెగటివ్ కడ్డీలన్నిటినీ ఒక గుంపుగా కట్టి ఆ పేరు పెట్టారు. ఎషెరీషియా, క్లెబ్సియెల్లా, ఎంటరోబాక్టర్, సిట్రోబాక్టర్ ఇందులో ముఖ్యమైనవి. పాల విషయంలో రావుల్టెల్లా, హాఫ్నియా, సెరేషియా కూడా తగులుతుంటాయి. వీటిలో చివరి రెండూ లాక్టోజ్ విషయంలో నిలకడ లేనివి. ప్లేటు మీద పాలిపోయిన కాలనీగా వచ్చి, చూసేవాణ్ణి సందిగ్ధంలో పడేస్తాయి.

ప్లేటు దగ్గరే సగం తప్పులు జరుగుతాయి. వి.ఆర్.బి.ఏ.ను ఆటోక్లేవ్ చేయకూడదు. రెండు నిమిషాలకు మించకుండా మరిగించి, 45 డిగ్రీలకు చల్లార్చి, మూడు నాలుగు గంటల్లోపు వాడేయాలి. పోసింది గడ్డకట్టాక పైన పలుచగా ఇంకో పొర పోయాలి. ఆ పై పొర లేకపోతే కాలనీలు ఉపరితలం మీద పరుచుకుని, రంగు, పరిమాణం రెండూ మోసం చేస్తాయి. పాల ఉత్పత్తులకు 32 డిగ్రీల దగ్గర 24 గంటలు పెట్టేవాళ్లున్నారు, 37 పెట్టేవాళ్లున్నారు. ప్యాకెట్ పాలకు నేనైతే 32 అంటాను. చల్లదనానికి అలవాటు పడ్డ రకాలు 37 దగ్గర మొరాయిస్తాయి. ముదురు ఎరుపు లేదా ఊదా రంగులో, అర మిల్లీమీటరు కన్నా పెద్దగా, చుట్టూ బైల్ లవణాలు దిగిన మసక వలయంతో ఉన్నవి లెక్కకు వస్తాయి. అయినా అవి అనుమానితులే. కనీసం ఐదు కాలనీలు బి.జి.ఎల్.బి. (బ్రిలియంట్ గ్రీన్ లాక్టోజ్ బైల్ బ్రాత్, బ్రాత్ అంటే ద్రవ మీడియా) ట్యూబుల్లోకి ఎక్కించి, లోపల బోర్లించిన చిన్న డర్హామ్ ట్యూబులో గ్యాస్ బుడగ వచ్చాకే కోలిఫాం అనాలి. మీ నోట్సులో ఈ మెట్టు కనిపించలేదు. తీపి కలిపిన ఫ్లేవర్డ్ మిల్క్ కూడా చేస్తానన్నారు, అక్కడ ఇది మరీ ముఖ్యం. లాక్టోజ్‌ను ముట్టని బ్యాక్టీరియా కూడా అందులోని పంచదారను పులియబెట్టి ప్లేటు మీద ఎర్రగా కనిపిస్తుంది.

తర్వాత ఒక్కో కాలనీని న్యూట్రియెంట్ అగార్ మీద గీసి ఒంటరి కాలనీ తీయండి. దానికి గ్రామ్ స్టెయిన్, ఆక్సిడేజ్ చేయండి. ఆక్సిడేజ్ ప్లస్ వస్తే అది కోలిఫాం కాదు, ఏరోమోనాసో సూడోమోనాసో అయ్యుంటుంది, పక్కన పెట్టేయండి. ఈ పది సెకన్ల పరీక్ష దాటేసి ఇమ్విక్‌కు వెళ్లినవాళ్లు నాలుగు రోజులు వృథా చేసుకోవడం చాలాసార్లు చూశాను. ఆక్సిడేజ్‌ను వి.ఆర్.బి.ఏ., మెకాంకీ లాంటి లాక్టోజ్ ప్లేట్ల కాలనీల మీద చేయొద్దు, పులిసిన ఆమ్లం ఫలితాన్ని చెడగొడుతుంది. మామూలు నికెల్ క్రోమ్ లూప్‌తో కూడా వద్దు. చెక్క పుల్లో, ప్లాస్టిక్ లూపో వాడండి.

ఇమ్విక్ నాలుగు ట్యూబులూ పైకి చాలా తేలిక. కానీ మీ ఫలితాల్లో కొన్ని నాకు అనుమానంగా ఉన్నాయి, కాబట్టి ఒక్కోదాని లొసుగు చెబుతాను.

ఇండోల్‌కు ట్రిప్టోన్ బ్రాత్ వాడాలి, గ్లూకోజ్ ఉన్న మీడియా పనికిరాదు. కోవాక్స్ రీఏజెంట్ లేత పసుపులో ఉండాలి. గోధుమ రంగుకు తిరిగిందంటే పారబోయండి. పైన ఎర్ర ఉంగరం వస్తే ప్లస్.

మిథైల్ రెడ్ దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. 24 గంటలకే చూస్తే ఎంటరోబాక్టర్ కూడా ప్లస్ చూపిస్తుంది. అది కూడా మొదట ఆమ్లమే చేస్తుంది, ఆ తర్వాత దాన్ని అసిటాయిన్ వైపు మళ్లిస్తుంది. అందుకని కనీసం 48 గంటలు ఆగాలి. సందేహం ఉంటే 30 డిగ్రీల దగ్గర ఐదు రోజులు ఉంచాలి. మీ మైనస్ ప్లస్ మైనస్ ప్లస్ కాలనీలను నమ్మే ముందు ఎన్ని గంటలకు చదివారో చూసుకోండి.

వి.పి.కి ముందు ఆల్ఫా నాఫ్తాల్ 0.6 మి.లీ., ఆ తర్వాతే 40 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ 0.2 మి.లీ. ఈ వరస మారకూడదు. ట్యూబు బాగా కుదిపి గాలి తగలనివ్వాలి. గులాబీ ఎరుపు పదిహేను నిమిషాల నుంచి గంటలోపు వస్తుంది. గంట దాటాక చూస్తే రాగి రంగు కనిపించి ప్లస్ అనిపిస్తుంది, అది లెక్కలోకి రాదు.

సిట్రేట్ స్లాంటు (ఏటవాలుగా గడ్డకట్టించిన అగార్ ట్యూబు) మీద బ్రాత్ నుంచి ఎక్కించొద్దు. సూది మొనతో కాలనీని తాకి ఒక్క గీత గీయండి చాలు. బ్రాత్‌తో పాటు వచ్చిన పోషకాలు తిని పెరిగినా స్లాంటు పచ్చ నుంచి నీలానికి తిరుగుతుంది, అదంతా సిట్రేట్ వాడినట్టు కనిపిస్తుంది. మూత కొంచెం వదులుగా ఉంచండి.

ఇవన్నీ సరిగా చేశాక ప్లస్ ప్లస్ మైనస్ మైనస్ అంటే ఈ.కోలి. మైనస్ ప్లస్ మైనస్ మైనస్ అన్నా ఈ.కోలినే, ఇండోల్ చేయని రకం. నిర్ధారణకు ఇ.ఎం.బి. (ఇయోసిన్ మిథిలిన్ బ్లూ) ప్లేటు మీద గీయండి, ఈ.కోలి పచ్చటి లోహపు మెరుపు ఇస్తుంది. మీ విభాగంలో యు.వి. ల్యాంపు ఉంటే మగ్ (ఈ.కోలి ఎంజైమ్ విడగొడితే యు.వి. వెలుతురులో మెరిసే పదార్థం) కలిపిన మీడియా ఇంకా మేలు. 366 నానోమీటర్ల వెలుతురులో ట్యూబు నీలంగా మెరుస్తుంది. ఈ.కోలిలో ఎక్కువ భాగం ఇలా మెరుస్తాయి కానీ, అందరూ భయపడే ఓ157:హెచ్7 మాత్రం మెరవదు, సార్బిటాల్‌ను కూడా వెంటనే పులియబెట్టదు. మగ్ మైనస్ కాబట్టి ప్రమాదం లేదని రాస్తే అది పచ్చి అబద్ధం అవుతుంది. ఇ.సి. బ్రాత్‌లో 44.5 డిగ్రీల దగ్గర గ్యాస్ రావడం మీదే ఆధారపడి ఈ.కోలి అనొద్దు కూడా. కొన్ని క్లెబ్సియెల్లాలు అక్కడ హాయిగా గ్యాస్ కొడతాయి.

ఇప్పుడు మీ ప్యాకెట్ల కాలనీలు, అంటే మైనస్ మైనస్ ప్లస్ ప్లస్. మీ పాఠ్యపుస్తకంలో దీని ఎదురుగా ఎంటరోబాక్టర్ ఏరోజెనెస్ అని ఉండి ఉంటుంది. మొదటి చిక్కు, 2017లో దాన్ని క్లెబ్సియెల్లా ఏరోజెనెస్‌గా మార్చారు. అంతకన్నా పెద్ద చిక్కు, ఇదే వరస క్లెబ్సియెల్లా న్యుమోనియేకు, ఎంటరోబాక్టర్ క్లోయేకేకు కూడా వస్తుంది. నాలుగు ట్యూబులతో వీటిని విడదీయలేం. ఇంకో ఐదు ట్యూబులు కావాలి, అవన్నీ మామూలు కాలేజీ ల్యాబులో కాచుకోగలిగినవే.

చలనం చూసే సెమీ సాలిడ్ ట్యూబుతో మొదలుపెట్టండి. గుచ్చిన గీత దగ్గరే ఆగిపోతే క్లెబ్సియెల్లా న్యుమోనియే వైపు, ట్యూబంతా మసకబారితే మిగతా రెండింటి వైపు. ఇక్కడ ఆర్నిథిన్ డీకార్బాక్సిలేజ్ (ఆర్నిథిన్ అనే ఎమైనో ఆమ్లాన్ని విడగొట్టే శక్తి, ఉంటే ట్యూబు ఊదాగా ఉంటుంది) చూస్తే క్లెబ్సియెల్లా న్యుమోనియే మైనస్, మిగతా రెండూ ప్లస్. ఆ రెండింటినీ విడదీసేవి ఇలాంటివే లైసిన్, ఆర్జినిన్ ట్యూబులు. ఏరోజెనెస్‌కు లైసిన్ ప్లస్, ఆర్జినిన్ మైనస్. క్లోయేకేకు సరిగ్గా తలకిందులు. యూరియా ట్యూబు అదనపు సాక్ష్యం: క్లెబ్సియెల్లా న్యుమోనియే నిదానంగా గులాబీ రంగు తెస్తుంది, ఏరోజెనెస్ తేదు, క్లోయేకే మాత్రం ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది, దాని మాట నమ్మొద్దు. డీకార్బాక్సిలేజ్ ట్యూబుల మీద పారఫిన్ నూనె తప్పనిసరి. పక్కన ఎమైనో ఆమ్లం కలపని కంట్రోల్ ట్యూబు పెట్టకపోతే ఊదా రంగు దేనివల్ల వచ్చిందో తెలియదు.

క్లెబ్సియెల్లాలా ఉండి ఇండోల్ ప్లస్ ఇచ్చేది ఆక్సిటోకా. మీ సిట్రోబాక్టర్ అనుమానితులను, అంటే ఆ మైనస్ ప్లస్ మైనస్ ప్లస్ కాలనీలను, టి.ఎస్.ఐ. (ట్రిపుల్ షుగర్ ఐరన్ అగార్) స్లాంటులో గుచ్చండి. కింద నల్లబడితే సిట్రోబాక్టర్ ఫ్రాయిండీ, లైసిన్ కూడా మైనస్ రావాలి. నల్లబడక ఇండోల్ ప్లస్ వస్తే సిట్రోబాక్టర్ కోసెరీ గురించి ఆలోచించాలి. 10 డిగ్రీల దగ్గర కూడా పెరిగే క్లెబ్సియెల్లా లాంటిది తగిలిందా, అది రావుల్టెల్లా అయ్యే అవకాశం ఎక్కువ. 2001లో దాన్ని క్లెబ్సియెల్లా నుంచి వేరుచేశారు, పాత పట్టికలతో చూస్తే దొరకదు.

ఇంత శ్రమపడి పేరు తేలిస్తే ఏమిటి లాభం? పచ్చి పాల విషయంలో, నా అభిప్రాయం అడిగితే, పెద్దగా లేదు. పచ్చి పాలలో అన్నీ ఉంటాయి. పేడ పొదుగుకు అంటుకుని వచ్చే ఈ.కోలి, కుడితి తొట్టి పక్కన కడిగిన క్యాన్ల నుంచి, కలిపిన నీళ్ల నుంచి వచ్చే ఎంటరోబాక్టర్, మొక్కల మీద, చెక్కపొట్టులో ఉండే క్లెబ్సియెల్లా. అక్కడ చూడాల్సింది సంఖ్య. పిండిన పాలు కూలర్ చేరడానికి ఎంతసేపు పట్టింది, క్యాను మూత లోపలి రబ్బరు ఎవరైనా కడిగారా, ఇవే ఆ సంఖ్యను నిర్ణయిస్తాయి. ఒక్క సందర్భంలో మాత్రం పచ్చి పాలలోనూ పేరు పనికొస్తుంది. ఒకే రైతు పాలలో, రోజూ, ఒకే రకం ఈ.కోలి లేదా క్లెబ్సియెల్లా పెద్ద సంఖ్యలో వస్తుంటే, ఆ పాకలో ఏదో గేదెకు పొదుగువాపు ఉండి ఉంటుంది. పశువుల డాక్టరుకు కబురు పెట్టమని చెప్పాలి.

ప్యాకెట్ పాలలో కథ వేరు. ఇక్కడ ఏ కోలిఫాం ఉన్నా అది లోపలికి వచ్చిన దారి ఒకటుంది, పేరు ఆ దారిని వెతకడానికి సాయం చేస్తుంది. ప్యాకెట్లో ఈ.కోలి ఎక్కువగా కనిపిస్తే ముందు పచ్చి పాలు కలిసే చోట్లు, పనివాళ్ల చేతులు, నీళ్లు చూడండి. ఎంటరోబాక్టర్ గుంపు ఒకటే పదేపదే వస్తుంటే అది ప్లాంటులోనే కాపురం పెట్టిందని అర్థం: గాస్కెట్ల పగుళ్లు, వాల్వు సీట్లు, ప్యాకింగ్ మెషిన్ పైన ఉండే చిన్న ట్యాంకు మూత. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు పాశ్చరైజ్డ్ పాల నుంచి తీసిన కోలిఫాంలలోనూ ఎంటరోబాక్టరే ముందుంది, చాలావాటికి ఫ్రిజ్ చల్లదనంలో పెరిగే శక్తి ఉంది. మీ ఫలితాలు ఆ తీరులోనే ఉన్నాయి కాబట్టి నాకు ఆశ్చర్యం కలగలేదు.

దారి పట్టుకోవడానికి నేను నమ్మే పద్ధతి వరస శాంపిళ్లు. పాశ్చరైజర్ నుంచి పాలు బయటికి వచ్చే చోట ఒకటి, స్టోరేజ్ ట్యాంకులో ఒకటి, ప్యాకింగ్ మెషిన్ ముందు ఒకటి, ఆపై షిఫ్టు మొదటి ప్యాకెట్, గంట తర్వాతది, చివరిది. ఒక ప్లాంటులో ఇలా తీస్తే పాశ్చరైజర్ దగ్గర సున్నా, ట్యాంకులో సున్నా, మొదటి ప్యాకెట్లో ప్లేటంతా ఎరుపు, గంట తర్వాత ప్యాకెట్లో నాలుగైదు కాలనీలు, చివరిదాంట్లో ఏమీ లేదు. అంటే రాత్రంతా మెషిన్‌లో నిలిచి పెరిగినది మొదటి పాలతో కడుక్కుపోతోంది. నాజిల్ విప్పితే లోపలి రబ్బరు ఓ-రింగు ఒకచోట చీలి, ఆ చీలికలో జున్నులాంటి తెల్లటి పూత పట్టి ఉంది. సి.ఐ.పి.లో (మెషిన్ విప్పకుండానే లోపల కడిగే పద్ధతి) కాస్టిక్ సోడా దాని పైనుంచి పోతోందే తప్ప లోపలికి వెళ్లడం లేదు. ఓ-రింగు మార్చాక మొదటి ప్యాకెట్ కూడా శుభ్రంగా వచ్చింది. అదే షిఫ్టంతా ఒకే లెక్క వస్తే ట్యాంకును అనుమానించాలి. గంటలు గడిచేకొద్దీ పెరుగుతుంటే పాలు పోయే దారిలో ఎక్కడో పూత కట్టి, పాలతో పాటు బ్యాక్టీరియాను వదులుతోందని అర్థం.

మీరు మాత్రం ప్లాంటులోకి వెళ్లలేదు, కొట్టు నుంచి ప్యాకెట్లు తెచ్చారు. అక్కడ ట్రే ఎండలో ఎంతసేపు ఉందో, ఫ్రిజ్ రాత్రి ఆపేస్తారో లేదో మీకు తెలియదు. డెయిరీ గేటు దాటినప్పుడు మి.లీ.కి ఒకటి కూడా లేనిది మీ చేతికొచ్చేసరికి వందలు అయ్యుండొచ్చు. కొన్నప్పుడు ప్యాకెట్ ఉష్ణోగ్రత ఎంతో రాసుకోకపోతే మీ లెక్కలతో డెయిరీని తప్పుపట్టలేరు. పేర్లు మాత్రం పనికొస్తాయి, లెక్క ఎంత పెరిగినా జాతి మారదు కదా. ఇకపై ప్యాకెట్ మూలను 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, కాల్చి చల్లార్చిన కత్తెరతో కోయండి. శాంపిళ్లు ఐస్ మీద తెచ్చి 24 గంటల్లోపు ప్లేటు పోయండి.

పాత బి.ఐ.ఎస్. (భారత ప్రమాణాల సంస్థ) లెక్కలో 0.1 మి.లీ. పాలలో కోలిఫాం ఉండకూడదు, అంటే మి.లీ.కి 10 లోపు. అమెరికా గ్రేడ్ ఎ పాలకు కూడా మి.లీ.కి 10 మించకూడదు. మి.లీ.కి ఒక్కటే ఉన్నా అరలీటరు ప్యాకెట్లో 500 ఉన్నట్టు. అందుకని తాజా ప్యాకెట్‌కు సున్నా వచ్చినంత మాత్రాన ఊరుకోకండి. దాని జతను విప్పకుండా 7 డిగ్రీల దగ్గర ఐదు రోజులు ఉంచి మళ్లీ ప్లేటు పోయండి. చల్లదనంలో పెరిగే రకాలు అప్పుడు బయటపడతాయి. ఆ ప్లేటుతో పాటు ఒక మామూలు టోటల్ కౌంట్ ప్లేటు కూడా పెట్టండి, ఎందుకంటే పాశ్చరైజేషన్ తర్వాత చేరి పాలను పాడుచేసేవాటిలో సూడోమోనాస్ ముందుంటుంది, దాన్ని కోలిఫాం పరీక్ష అసలు చూడనే చూడదు.

ఇప్పుడున్న కాలనీలను పారేయకండి. న్యూట్రియెంట్ అగార్ స్లాంట్ల మీద ఎక్కించి 4 డిగ్రీల దగ్గర దాచి, ముందు ఆక్సిడేజ్, తర్వాత ఆర్నిథిన్, లైసిన్, ఆర్జినిన్, చలనం చేయండి. అప్పటివరకు రిపోర్టులో ప్యాకెట్ల వరసలో "క్లెబ్సియెల్లా-ఎంటరోబాక్టర్ గుంపు, జాతి తేలలేదు" అని రాసి ఉంచండి. మిథైల్ రెడ్ మళ్లీ చేసినప్పుడు ఎన్ని గంటలకు చదివారో ఆ అంకె కూడా పట్టికలో ఒక గడిలో వేయండి. ట్యూబుల ఫలితాలు వచ్చాక ఇక్కడే పెట్టండి, కలిసి చూద్దాం.